కంచె మొక్క కరుస్తుందా?

కడియం మండలంలో మొక్కల మధ్య పుట్టి, మొక్కలమ్మి పిల్లల్ని చదివించుకున్నవాణ్ని. ఇప్పుడు డెబ్భై మూడేళ్లు. నర్సరీ మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను పొద్దున్నే వెళ్లి బెడ్ల మధ్య ఓ చుట్టు తిరిగి, ఎవరూ అడగని సలహాలు రెండు ఇచ్చి ఇంటికొచ్చేస్తాను.

పోయిన వేసవిలో విజయవాడ నుంచి పాత ఖాతాదారు ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ల అపార్ట్‌మెంటు ప్రహరీ పొడుగునా పదేళ్ల కిందట మేం వేసిన గన్నేరు ఉంది. "బాబాయ్ గారూ, ఆ గాలి పీల్చినా పిల్లలకి ప్రమాదమేనట కదా! ఆదివారం మీటింగు పెట్టి పీకించేద్దామంటున్నారు. మీరేమంటారు?" అంది. పీకించాక ఆ చోట ఏం వేస్తారమ్మా అనడిగితే, అదింకా అనుకోలేదంది. ఆ రోజు ఫోన్లో చెప్పినవీ, చెబితే సాగదీసినట్టుంటుందని మింగేసినవీ కలిపి, వరస నంబర్లు వేసి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మొక్కతో నాకు తెలిసిందీ, మొక్కవల్ల దెబ్బతిన్నవాళ్ల దగ్గర తెలుసుకున్నదీ ఇది.

1. గన్నేరు గాలికి చంపదు.

దాని పక్కన నిలబడ్డా, కింద కుర్చీ వేసుకు కూర్చున్నా, పువ్వు వాసన చూసినా విషమెక్కదు. అందులో ఉన్న ఒలియాండ్రిన్ ఆవిరై గాలిలో కలిసే సరుకు కాదు, ఆకులో, పువ్వులో, బెరడులో, వేరులో దాక్కుని ఉంటుంది. ఘాటు వాసన పడనివాళ్లకి తలనొప్పి వస్తే రావచ్చు. అది మల్లెపూలతోనూ వస్తుంది. నేనూ, మా కూలీలూ యాభై ఏళ్లు ఆ మొక్కల మధ్యే అన్నం తిన్నాం, చేతులు కడుక్కునే తిన్నామనుకోండి.

మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది. ఓసారి వెళ్లినప్పుడు గంట ప్రయాణంలో గాల్వెస్టన్ అనే సముద్రపు దీవికి తీసుకెళ్లింది. ఆ ఊరి ముద్దుపేరే ఒలియాండర్ సిటీ. 1841 నుంచీ అక్కడ గన్నేరు పెంచుతున్నారట. వీధికో రంగు, ఇంటికో గుబురు. ఆ ఊళ్లోనూ పిల్లలు పుడుతున్నారు, పెరుగుతున్నారు. ఎంత పూల పిచ్చిగల నాకైనా, అన్ని వేల మైళ్లు పోయి మళ్లీ గన్నేరు చూపిస్తుందేమిటే అనిపించింది గానీ, ఇవాళ ఆ మాట ఉపయోగపడింది.

మొక్కలో విషం ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. అది మనలోకి ఏ దారిన వస్తుందన్నది మిగతా సగం. నాకు తెలిసి నాలుగు దారులు: నోరు, కన్ను, చర్మం, ఊపిరి. ఒక్కో మొక్కది ఒక్కో దారి.

2. అలాగని గన్నేరుని సాధుజంతువు అనుకోవద్దు.

సంస్కృతంలో దానికి కరవీరంతో పాటు హయమారకం అని ఇంకో పేరుంది. గుర్రాన్ని చంపేది అని అర్థం. ఊరికే పెట్టలేదు పెద్దవాళ్లు. దాని దారి నోరు. ఆకు నమిలి మింగితే ముందు వాంతులు, కడుపునొప్పి, తల తిరగడం, తర్వాత గుండె లయ తప్పడం. గుండె కణాల్లో సోడియాన్నీ పొటాషియాన్నీ అటూ ఇటూ తోసే పంపు ఒకటి ఉంటుందట, దాన్ని ఇది పట్టేస్తుంది. గుండెజబ్బుకి వాడే డిగాక్సిన్ మందుదీ ఇదే పనితీరు అని ఓ డాక్టరుగారు చెప్పారు. మందులో కొలత ఉంటుంది, ఆకులో ఉండదు.

2024లో కేరళలో ఒక యువతి ఫోన్ మాట్లాడుతూ యథాలాపంగా గన్నేరాకు నమిలి, ఆ తర్వాత చనిపోయిందన్న అనుమానంతో పెద్ద కలకలం రేగింది. ట్రావెన్‌కోర్, మలబార్ దేవస్వం బోర్డులు తమ గుళ్లలో నైవేద్యంలోనూ ప్రసాదంలోనూ ఆ పువ్వు వాడొద్దన్నాయి. పూజకి అడ్డు చెప్పలేదు. నాకది తెలివైన పని అనిపించింది. చెట్టుని దోషిని చెయ్యకుండా నోటి దారి ఒక్కటీ మూసేశారు. మన గుళ్లలోనూ పువ్వూ, తీర్థం, పులిహోర ఒకే దోసిట్లో పడతాయి కదా. వినాయక చవితి పత్రిలో అయితే గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మూడూ ఉంటాయి. పూజయ్యాక ఆ పత్రి ఉండ్రాళ్ల పళ్లెం పక్కన గుట్టగా పడి ఉంటుంది, చుట్టూ పిల్లలు పాకుతూ ఉంటారు. ఎత్తి పక్కన పెట్టెయ్యండి.

మరి ఇంత విషపు మొక్కని జాతీయ రహదారి డివైడర్ మీద వేల మైళ్లు ఎందుకు నాటారని మీరడగొచ్చు. విషముంది కాబట్టే. మేక నోరు పెట్టదు, గేదె మెయ్యదు, నీళ్లు లేకపోయినా బతుకుతుంది, పొగకీ దుమ్ముకీ తట్టుకుంటుంది, ఎదురొచ్చే లారీ లైటుని అడ్డుకుంటుంది. డివైడర్ మీద ఆకు కోసి నమిలేవాడు ఎవడూ ఉండడు. అక్కడ దానికి నూటికి నూరు మార్కులు వేస్తాను.

3. కంచె కంటే కత్తిరింపు ప్రమాదం.

ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. తొంభైల్లో రాజమండ్రి అవతల ఒక పెద్దింటి తోట పని ఒప్పుకున్నాం. గన్నేరు కంచె ఆరడుగులు పెరిగి అడ్డదిడ్డంగా ఉంటే, నలుగురం రెండ్రోజులు పెద్ద కత్తెరలతో కత్తిరించి చదును చేశాం. కొమ్మా రెమ్మా ప్రహరీ మీంచి అవతలి ఖాళీ జాగాలోకి విసిరేశాం. అందరూ చేసేదే. నాలుగు రోజుల్లో అదంతా ఎండి గడ్డిలా అయిపోయింది.

ఆ జాగాలోనే పక్కింటి రైతు తన పాడిగేదెని కట్టేసేవాడు. పచ్చిగా ఉన్నప్పుడు అది ఆ ఆకు మూతి పెట్టి చూసి వదిలేసింది. పచ్చి గన్నేరు చేదు, పశువుకి తెలుస్తుంది. ఎండాక ఆ చేదు అంతగా తెలియదు గానీ విషం మాత్రం ఎక్కడికీ పోదు. దానికితోడు ఎవరో కూలిమనిషి వరిగడ్డి మోపు తెచ్చి ఆ కుప్ప మీదే వేశాడు. గడ్డితో పాటు ఆకూ వెళ్లింది. తెల్లారేసరికి గేదె పడిపోయి ఉంది. పశువుల డాక్టరు వచ్చి కుప్పలోంచి ఒక ఆకు తీసి నాకు చూపించాడు, ఏమీ అనలేదు.

ఆ రైతు నాకంటే పెద్దవాడు. అరుస్తాడనుకున్నాను. "ఒరేయ్ అబ్బాయ్, నీ కంచె నా జాగాలోకి రాలేదు. నీ చెత్త వచ్చింది" అన్నాడు, అంతే. గేదె ఖరీదులో సగం నేనిచ్చాను, సగం ఇంటాయన ఇచ్చాడు. పాలు లేకుండా పోయిన ఆ ఇంటి చంటిపిల్లకి ఎవరం ఏమిచ్చాం?

అప్పట్నుంచీ మా నర్సరీ నుంచి గన్నేరు లోడు వెళితే, దించేటప్పుడే చెప్పి రమ్మంటాను. కత్తిరించిన రెమ్మ గోడ దాటకూడదు. గోతిలో పూడ్చాలి, లేదా మున్సిపాలిటీ బండిలోకే నేరుగా వెయ్యాలి. నిజంగా పక్కవాళ్లకి హాని జరిగిందంటే, నేను చూసినంతలో, నిలబడ్డ కంచెవల్ల జరగలేదు, కింద పడ్డ కొమ్మవల్లే జరిగింది.

4. భోగిమంటలోకి కంచె చెత్త వెయ్యొద్దు.

పండక్కి ముందు అందరికీ తోట శుభ్రం చెయ్యాలనిపిస్తుంది, ఆ ఎండుకొమ్మలు భోగికి పనికొస్తాయనిపిస్తుంది. గన్నేరు, జెముడు, అడవి ఆముదం, ఇవేవీ మంటలో వెయ్యకండి. గాలికి రాని విషం పొగతో వస్తుంది. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, ఆయాసమున్నవాళ్లకి మరీ కష్టం. పాత చాపలూ, విరిగిన తలుపులూ ఉండగా ఇవెందుకు? గన్నేరు పుల్లతో పళ్లు తోముకోవడం, దాంతో పొయ్యి మీది కూర కలపడం కూడా అంతే తెలివితక్కువ పని.

5. పాలు కారే కొమ్మ దగ్గర కళ్లు జాగ్రత్త.

కాడజెముడు తెలుసుగా, ఆకుల్లేకుండా పచ్చటి పుల్లలు గుబురుగా పెరిగేది. మెట్ట ఊళ్లలో పొలాలకీ దొడ్లకీ కంచె అదే. ఈ మధ్య పట్నాల్లో కుండీల్లో కూడా పెట్టుకుంటున్నారు, కొత్త పేరు పెట్టి అమ్మితే నాలుగింతల ధర పలుకుతోంది. దాన్ని విరిస్తే తెల్లటి పాలు చిమ్ముతాయి. చర్మం మీద పడితే దద్దురు, కంట్లో పడితే నిప్పు పడ్డట్టే.

మా దగ్గర పనిచేసే కుర్రాడు మధ్యాహ్నం ఎండలో దాన్ని కొడుతూ చెమట తుడుచుకున్నాడు, అదే చేత్తో. గావుకేక పెట్టాడు. బోదె గట్టు మీదే వాణ్ని కూర్చోబెట్టి, తాగే నీళ్ల బిందె తెప్పించి, కన్ను తెరిచి పట్టుకుని బిందె ఖాళీ అయ్యేదాకా కడిగాం. తర్వాత కళ్ల డాక్టరు దగ్గరికి. ఆ రాత్రంతా వాడికి ఏమీ కనపడలేదు. పది రోజులకి చూపు మామూలైంది. ముందు నీళ్లు పోసి మంచిపని చేశారని డాక్టరు అన్నారు. అక్కడే ఉన్న మా బంధువొకాయన తల్లిపాలు పొయ్యండి, నెయ్యి రాయండి అని గోల చేశాడు. ఏదీ వద్దు, శుభ్రమైన నీళ్లు, కనీసం పావుగంట.

జిల్లేడు ఇంకా జిత్తులమారిది. దాని పాలు కంట్లో పడితే పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. ఏమీ కాలేదులే అని పడుకుంటాం, లేచేసరికి చూపు మసక. రథసప్తమికి తలమీదా భుజాలమీదా పెట్టుకునే ఆకులు కోసేటప్పుడు, ముందురోజే కోసి తొడిమెల పాలు ఆరనిచ్చి కడిగి పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. మా అమ్మ అలాగే చేసేది. ఎందుకని అడిగితే మడి అనేది.

6. పిల్లలున్న చోట అడవి ఆముదం నాటినవాణ్ని నేనే.

2000 తర్వాత బయోడీజిల్ మోజొచ్చింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఈ మొక్క దేశమంతా పెంచాలని సిఫారసు చేసింది. జట్రోఫా అనే పేరు రైతు నోళ్లలో నానింది. మేమూ కవర్లలో వేలకొద్దీ పెంచాం. దిగుబడి మాటలకే పరిమితమై మోజు తీరాక, మిగిలిపోయిన మొక్కలు ఏం చెయ్యాలో తెలియలేదు. అప్పుడే ఒక పల్లెటూరి బడివాళ్లు, పశువులు దూరని కంచె చవకలో కావాలన్నారు. ఇంతకంటే మంచి బేరం ఉంటుందా? పుణ్యానికి పుణ్యం, డబ్బుకి డబ్బు. సగం ధరకి ఇచ్చి, నేనే నిలబడి నాటించాను.

ఆ మొక్క మాకు చిన్నప్పటి నేస్తం. ఆకు తొడిమె తుంచి, అందులో నిలిచిన పాలపొరని ఊదితే సబ్బుబుడగలు ఎగిరేవి. మా తరం అంతా ఆ బుడగలు ఊదినవాళ్లమే. దాంతో ప్రమాదమనే ఆలోచనే రాలేదు నాకు. నాటిన మూడో ఏడు కాయలు విరగకాశాయి. గింజ నల్లగా ఉన్నా లోపలి పప్పు తెల్లగా, వేరుశనగలా కమ్మగా ఉంటుంది. మధ్యాహ్నం బెల్లులో ఒక పిల్లాడు తిని బాగుందన్నాడు. మిగిలినవాళ్లూ తిన్నారు.

సాయంత్రం నాకు కబురొచ్చేసరికి ఆసుపత్రి వరండా నిండా పిల్లలు. వాంతులు, విరేచనాలు. ఒక్కో మంచం మీద ఇద్దరేసి, చేతికి సెలైన్. ఒక తల్లి "ఏం మొక్కండీ అది, ఎవరు పెట్టారండీ?" అని కనబడ్డవాళ్లందరినీ అడుగుతోంది. నన్నూ అడిగింది. నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. మర్నాటికి పిల్లలంతా తేరుకుని ఇళ్లకెళ్లారు. ఈ గింజతో చాలావరకు అలాగే ఒక రోజులో తేరుకుంటారని అక్కడి నర్సమ్మ చెప్పింది, అయినా ఆ రాత్రి నాకు తెల్లవారలేదు. రెండో రోజు నలుగురు కూలీల్ని తీసుకెళ్లి కంచె మొత్తం వేళ్లతో పెకలించి, నా ఖర్చుతో గోరింట వేశాను. ఆ తల్లికి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ చెబుతున్నాను.

చేదుగా ఉన్న విషం కంటే కమ్మగా ఉన్న విషం పిల్లలకి పదింతలు ప్రమాదం. ఈ లెక్క ఏ నర్సరీ లేబుల్ మీదా ఉండదు.

7. అందమైన గింజలు.

పచ్చగన్నేరుకి గన్నేరని పేరేగానీ మొక్క వేరు. గంటల్లాంటి పసుపు పూలు, మూలలు తేలిన ఆకుపచ్చ కాయ, లోపల గట్టి టెంక. అదీ గుండెనే పడుతుంది, అన్నిట్లోకీ గింజ మరీ చెడ్డది. పిల్లలు ఆ కాయలతో ఆడుకుంటారు. ఇంటి ముందు ఉంటే కాయ ముదరకముందే కోసి పూడ్చెయ్యండి.

గురివింద కంచె మొక్క కాదు, కంచెకి పాకే తీగ. మనం నాటం, పిట్ట నాటుతుంది. కంసాలి తూకంలో కూర్చున్న ఆ ఎర్రగింజకి పెంకు గట్టిది. మింగితే చాలాసార్లు అలాగే బయటకి పోతుంది. నమిలినా, దండ గుచ్చడానికి చిల్లు పెట్టినా అసలు రూపం చూపిస్తుంది. తన నలుపు తానెరగదని సామెత చెప్పుకుంటాం గానీ ఎరగాల్సింది మనం. ఆముదం గింజా ఇదే కోవ. నూనెలోకి విషం రాదు, పిప్పిలో ఉండిపోతుంది.

మున్సిపల్ పార్కుల్లో బోర్డర్‌గా కనిపించే పసుపాకు డురంటా కూడా ఈ జాబితాలోదే. గొలుసుల్లా వేలాడే దాని పసుపు పళ్లు తినకూడదు. నెలనెలా కత్తెర పడే చోట అది పూతకే రాదు కాబట్టి భయం లేదు, కత్తెర మానేసిన పార్కుల్లోనే జాగ్రత్త. తలంబ్రాల చెట్టు అని మనం పిలిచే లంటానా కూడా కంచె అందం కోసమే ఈ దేశంలోకి దిగింది. ఇప్పుడది అడవుల్ని మింగుతోంది, ఆకు మేసిన పశువుకి కాలేయం చెడుతుంది.

8. పక్కనుంటేనే బాధించేవి వేరే ఉన్నాయి.

విజయవాడ ఆవిడ భయం గన్నేరు విషయంలో తప్పేగానీ, ఊరికే పుట్టిన భయం కాదు. గాలి దారిన వచ్చేవి నిజంగా ఉన్నాయి. వయ్యారిభామ అందులో మొదటిది. ఎవరూ నాటరు, కంచె మొదట్లో దానంతటదే లేస్తుంది. 1950ల్లో పుణె దగ్గర బయటపడి దేశమంతా పాకింది. దాని పుప్పొడీ, ఎండి రాలిన పొడీ గాలిలో ఎగిరి, ముట్టుకోనివాళ్లకి కూడా ముఖం మీదా మెడమీదా దురదలు, పొక్కులు తెస్తాయి. కొందరికి ఏళ్ల తరబడి వదలదు. గన్నేరు పీకించాలని మీటింగు పెట్టేవాళ్లు ఒకసారి వంగి ఆ గన్నేరు మొదట్లో ఏముందో చూడాలి. పూత రాకముందు, చేతికి తొడుగేసుకుని, వేరుతో పీకాలి.

కోనోకార్పస్ సంగతి మరీ విచిత్రం. వేగంగా పెరుగుతుందని మేమే లారీలకి లారీలు పంపాం. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో ఇక నాటొద్దన్నాయి. దాని పుప్పొడి పడనివాళ్లకి తుమ్ములు, ఆయాసం వస్తాయన్నదాన్ని నేను కొట్టిపారెయ్యను. వేళ్లు నీటి గొట్టాల్లో దూరతాయన్నదీ నిజమే. కానీ అది ఆక్సిజన్ ఇవ్వదు, చుట్టుపక్కల గాలంతా విషం చేస్తుంది అని మన ఊళ్లలో తిరిగిన మాట శుద్ధ అబద్ధం. పచ్చాకున్న ఏ చెట్టయినా ఎండలో చేసే పని ఒక్కటే.

విశాఖలో 2014 హుద్‌హుద్ తర్వాత ఏడాకుల పాల విరివిగా నాటారు. చలి మొదలయ్యే రోజుల్లో పూస్తే రాత్రిళ్లు ఆ వాసనకి తల పట్టుకునేవాళ్లున్నారు. అది కంచె కాదు కాబట్టి వదిలేస్తున్నాను.

9. చోటునిబట్టి మొక్క.

బడికీ, అంగన్‌వాడీకీ, చంటిపిల్లలున్న ఇంటికీ మందారం, నూరువరహాలు, గోరింట. గోరింట విషయంలో ఒక్క మాట, నెలల పిల్లలకి మాత్రం చేతులకి పెట్టకండి. జి6పీడీ లోపం ఉన్న బిడ్డకయితే ఎర్రరక్తకణాలు చితికిపోతాయి. దొంగలూ పశువులూ రాకూడదనుకునే తోటకి వాక్కాయ. ముల్లుకి ముల్లు, పప్పులోకి కాయ. గన్నేరు రోడ్డు మధ్యకి, రైలు కట్టకి, పెద్దవాళ్లే ఉండే ఆవరణకి.

10. పొరపాటు జరిగిపోతే.

వాంతి చేయించాలని ఉప్పునీళ్లు పట్టకండి, గొంతులో వేళ్లు పెట్టకండి. నోట్లో మిగిలింది తీసేసి, పుక్కిలింపించి, 108కి ఫోన్ చెయ్యండి. తిన్న మొక్క రెమ్మ ఒకటి, కాయో పువ్వో ఉంటే అదీ, కవర్లో వేసి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. "ఏదో పిచ్చిమొక్క" అంటే ఆయన మాత్రం ఏం చెయ్యగలడు? గన్నేరుజాతి అనుమానముంటే పిల్లాడు హుషారుగా కనిపించినా సరే తీసుకెళ్లాలి, గుండె మీద పని తర్వాత మొదలవుతుంది.

విజయవాడవాళ్లు చివరికి పిల్లల ఆటస్థలం వైపున్న అరవై అడుగులు మాత్రం తీయించి నూరువరహాలు వేశారు, మిగతాది ఉంచారు. మొక్కలు మా దగ్గరే కొన్నారు కాబట్టి నా సలహాలో స్వార్థం లేదనలేను. మా ఇంటి గేటు పక్కన ఎర్రగన్నేరు ఇప్పటికీ ఉంది. రోజూ పొద్దున్నే మా ఆవిడ పూజకి పూలు కోస్తుంది, కోసి, పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి వస్తుంది.